సేటూ, మళ్లీ జోకు



మొండి గిరాకితో దుకాణం మేనేజరు ఎట్లా వేగాలి అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఉట్నూర్‌లో కిరాణం, ఇంటి సామాను అమ్మే దుకాణం నడిపించడం నా పని. పొద్దున షట్టర్ లేపింది మొదలు రాత్రి గల్లా లెక్క తేలేదాకా ఈ విషయంతోనే నా కాపురం. కాబట్టి పుస్తకం చూసి చెప్పే మాటలు తక్కువ, కౌంటర్ దగ్గర చూసినవి ఎక్కువ ఉంటాయి.

హైదరాబాద్‌లో పెద్ద షాపులవాళ్లు తమ సిబ్బందికి ఇందుకోసం తరగతులే పెడతారు. గిరాకి గొంతు పెంచితే మనం గొంతు తగ్గించాలట. నవ్వు చెరగనీయకూడదట. 'మీ ఇబ్బంది నాకర్థమైంది సార్' అని మొదలుపెట్టి, ఆఖర్న ఒక డిస్కౌంట్ కూపన్ చేతిలో పెట్టి పంపాలట. ఆ పాఠం తప్పని అనను. కానీ హస్నాపూర్ నుంచో, బిర్సాయిపేట నుంచో ఆటోలో వచ్చి, కందిపప్పు పొట్లం చేతిలో ఎత్తి చూసి, 'సేటూ, మళ్లీ జోకు' అనే పెద్దాయన ముందు ఆ నవ్వు నడవదు. నవ్వితే ఆయన అనుమానం ఇంకో రెండు మెట్లెక్కుతుంది. తూకం మళ్లీ వెయ్యమంటే వీడెందుకు పండ్లు బయటపెడుతున్నాడు అనుకుంటాడు. అనుకోవడంలో తప్పు కూడా లేదు.

మా దుకాణంలో కొత్తగా చేరిన పిల్లలు ఇట్లాంటి గిరాకిని చూసి విసుక్కుంటారు. డబ్బులు మూడుసార్లు లెక్కపెడతాడు, సరుకు రెండుసార్లు జోకిస్తాడు, బిల్లు పక్కవాడికి చూపించి చదివిస్తాడు, వెనక ఇరవై మంది నిలబడి ఉన్నా కదలడు. వీళ్ల భాషలో అది కిరికిరి. నేను వాళ్లకు మొట్టమొదట చెప్పేది ఈ ప్రాంతపు సంగతులు. ఆ అనుమానం ఆ పెద్దాయన సొంతంగా పెంచుకున్నది కాదు. తాత తండ్రుల నుంచి వచ్చింది. దానికి బలమైన కారణాలున్నాయి.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త సాయం తీసుకుంది. మార్లవాయిలో ఉంటూ ఆయన చూసిన కష్టాల్లో అడవి చట్టాలు, భూముల గొడవలతో పాటు సావుకార్ల లెక్కలు కూడా ఉన్నాయి. నలభై ఏళ్ల తర్వాత, 1982లో అచ్చయిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' అనే పుస్తకంలో, రోడ్లు పడ్డాక ఆ రోడ్ల వెంటే ఈ కొండల్లోకి వ్యాపారులు ఎట్లా వచ్చారో, ఆదివాసుల చేతుల్లోంచి పంటలు, భూములు ఎట్లా జారిపోయాయో రాశారు. భూమి చేతులు మారకుండా 1970లో గట్టి రెగ్యులేషన్ వచ్చింది. భూమికి పట్టా ఉంటుంది, సర్వే నంబరు ఉంటుంది, కోర్టు ఉంటుంది. తరాజు దగ్గర పోయిన పావుసేరుకు ఏ కాగితమూ ఉండదు. అది మనిషి జ్ఞాపకంలోనే ఉంటుంది, పిల్లలకు అదే అందుతుంది.

ఆ రోజుల్లో లెక్కలు కూడా నిలకడగా ఉండేవి కావు. హైదరాబాద్ రాజ్యంలో హాలీ సిక్కా నడిచేది, బ్రిటిష్ రూపాయిని కల్దారు అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. ఈ లెక్క రానివాడు మారకం దగ్గరే మునిగేవాడు. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. 1959కల్లా హాలీ సిక్కా చెల్లకుండా పోయింది. 1962లో సేరు స్థానంలో కిలో తప్పనిసరైంది. ఐదేళ్లలో డబ్బు మారింది, చిల్లర మారింది, తూకం మారింది! ప్రామాణిక సేరు బరువు సుమారు 933 గ్రాములు. పాత సేరు రాయి తరాజులో ఉంచి కొత్త కిలో ధర వసూలు చేసేవాడికి ప్రతి తూకం మీద 67 గ్రాములు ఊరికే మిగులుతాయి. ఎంతమంది అట్లా చేశారో నేను చెప్పలేను. చెయ్యడానికి దారి మాత్రం బార్లా తెరిచి ఉంది, సంతకు వచ్చిన మనిషికి అది పట్టుకునే సాధనం లేదు. మళ్లీ మనకాలంలో 2016 నవంబరులో రాత్రికి రాత్రి పెద్దనోట్లు చెల్లవన్నారు. కాబట్టి మన గల్లా మీద నమ్మకం పెట్టుకోవడానికి ఆ పెద్దాయనకు ఇంతవరకు ఎవరూ సరైన కారణం చూపించలేదు.

సావుకార్ల మోసాలకు విరుగుడుగానే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార కార్పొరేషన్ పుట్టింది. తర్వాత మన వైపూ వచ్చింది, రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే సంస్థ అయింది. మనమంతా జీసీసీ అని పిలుస్తాం. దుకాణదారులందరూ ఆ డిపోల పద్ధతి ఒకసారి గమనించాలి. అక్కడి సేల్స్‌మన్ ఉప్పు, పప్పు, సబ్బులు అమ్ముతాడు. అడవి నుంచి తెచ్చిన తపసి బంక, ఇప్పపువ్వు, తేనె, చింతపండు కొంటాడు కూడా. పొద్దున పది గంటలకు కొనుగోలుదారుగా గిరాకి చేతిలో మాటలు పడ్డవాడే పదిన్నరకు అమ్మకందారుగా అదే మనిషికి సబ్బు ఇస్తాడు. బంక దగ్గర అసలు పరీక్ష. తెల్లగా, చెత్త లేకుండా ఉంటే ఒక ధర, ఎర్రగా, బెరడు ముక్కలతో ఉంటే ఇంకో ధర. తెచ్చినవాడికి అదంతా ఒకటే చెట్టు, ఒకటే ఎండ, ఒకటే కష్టం. గ్రేడు తగ్గించగానే లొల్లి మొదలవుతుంది. ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు చేసేది ఒకటే. మంచి బంక నమూనా, నాసి బంక నమూనా రెండూ సీసాల్లో కౌంటర్ మీద పెడతారు. తెచ్చినవాడే తన బంకను రెంటి పక్కన పెట్టి చూసుకుంటాడు. చూశాక కూడా బేరం చేస్తాడు, చెయ్యనీయాలి. 'నన్ను మోసం చేస్తున్నవ్' అనే మాట మాత్రం రాదు.

నేను మా దుకాణంలో చేసినదీ అదే దారి. తీయటి మాటలు ఎంత నేర్పినా లాభం లేదని తెలిశాక, గిరాకి తన కళ్లతో సరిచూసుకునే వీలు పెంచుకుంటూ పోయాం. ఎలక్ట్రానిక్ కాంటా అంకెలు రెండు వైపులా కనిపించేది కొన్నాం. కాంటా మీద తూనికల కొలతల శాఖ ఏటా వేసే ముద్ర ఉంటుంది. ఆ ముద్ర వెనకాల దాక్కుని ఉండేది, ముందుకు తిప్పాం. అయినా సంశయం తీరనివాళ్ల కోసం ఒక కిలో ఉప్పు ప్యాకెట్ కాంటా పక్కనే ఉంచుతాం. కంపెనీలో కట్టి వచ్చిన ప్యాకెట్, మా చెయ్యి పడనిది. ముందు దాన్ని పెట్టి చూపిస్తాం, కవరు బరువుతో కలిపి కిలోకు కాస్త ఎక్కువ చూపిస్తుంది. తర్వాత పప్పు పెడతాం. ఇన్‌స్పెక్టరు వచ్చి చెప్పినా కలగని నమ్మకం ఆ ఉప్పు ప్యాకెట్‌తో కలుగుతుంది. మళ్లీ జోకమన్నప్పుడు మా పిల్లలు ఇప్పుడు మొహం చిట్లించరు. 'జోకుదాం కాకా' అని ముందే ఎత్తుతారు. అంతకంటే ముఖ్యం, మళ్లీ జోకమనేవాళ్లు తగ్గారు.

బిల్లు ఇంకో తలనొప్పి. మిషన్ నుంచి వచ్చే చీటీ మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి, అదీ ఇంగ్లీషులో. కొన్న మనిషికి చదువు రాదు, వచ్చినా ఆ అక్షరాలు కనిపించవు. మొత్తం మాత్రం పెద్దగా కనిపిస్తుంది కాబట్టి, ఆ మొత్తం మీదే గొడవ. మేం పైకి చదివి చెప్పడం అలవాటు చేసుకున్నాం, ఒక్కో వస్తువు, ఒక్కో ధర. సెలవుల్లో అయితే పని ఇంకా సులువు. ఆశ్రమ పాఠశాలలో చదివే మనవరాలు అవ్వతో పాటు వస్తుంది. బిల్లు ఆ పిల్ల చేతికిస్తాం. మేం చదివితే పది నిమిషాలు పట్టే లెక్క, ఆ పిల్ల చదివితే రెండు నిమిషాల్లో అవ్వ నమ్ముతుంది. తప్పుంటే ఆ పిల్ల పట్టుకుంటుంది కూడా, అప్పుడు సరిదిద్ది ఇస్తాం.

భాష గురించి ఎక్కువ చెప్పను, ఇక్కడ పుట్టినవాళ్లకు తెలిసిందే. మా కౌంటర్ దగ్గర గంటలో గోండి, కొలామి, లంబాడి, మరాఠీ, ఉర్దూ, తెలుగు అన్నీ వినబడతాయి. మేనేజరుకు అన్నీ రానక్కర్లేదు. గోండి వచ్చిన పిల్ల ఒకరు, లంబాడి వచ్చిన పిల్లవాడు ఒకరు కౌంటర్ దగ్గర ఉంటే సగం లొల్లి మొదలుకాకముందే పోతుంది. 'రాం రాం దాదా' అని పలకరించి, ధర మాత్రం తెలుగులో కొట్టినట్టు చెప్పే మేనేజర్లను చూశాను. ఆ పలకరింపుతో లాభం లేదు. అంకెలు ఎదుటి మనిషి భాషలో చెప్పగలిగితే చాలు, తతిమ్మా మాటలు ఏ భాషలో చెప్పినా ఫరవాలేదు.

ఇంతవరకు చెప్పింది మనవైపు నుంచి సరిచేసుకోగలిగిన గొడవలు. ఇంకో రకం ఉంది. అది మన దుకాణంలో పుట్టదు, మన దుకాణంలో పేలుతుంది.

పత్తి కాలం తీసుకోండి. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కాని పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటేనే ఆ ధర పూర్తిగా వస్తుంది. అక్కడి నుంచి 12 దాకా ధర తగ్గుతూ పోతుంది, 12 దాటితే భారత పత్తి సంస్థ సీసీఐ కొనదు. ఇప్పుడు యాప్‌లో స్లాటు కూడా బుక్ చేసుకోవాలి. తెల్లారుజామున మంచులో బండి కట్టుకుని పోయిన రైతు, మిషన్ పదమూడు చూపించిందని, గతిలేక ప్రైవేటు వ్యాపారికి తక్కువకు అమ్ముకుని, సాయంత్రం మన దగ్గరికి వస్తాడు. నూనె ప్యాకెట్ మీద రెండు రూపాయలు పెరిగిందని చెప్పగానే అతని గొంతు పైకి లేస్తుంది. 'మీరంతా ఒకటే' అంటాడు. ఆ 'మీరంతా' లో మిషన్ ఉంది, కొనుగోలు కేంద్రం ఉంది, తక్కువకు కొన్న వ్యాపారి ఉన్నాడు, ఎదురుగా దొరికింది నేను. ఇక్కడ నూనె ధర గురించి వాదించే మేనేజరుకు అనుభవం చాలదు. 'పత్తి ఎంతకు పోయింది అన్నా?' అని అడగాలి. అడిగాక వినాలి. ఆ వినడానికి పావుగంట పడుతుంది, ఆ పావుగంట కౌంటర్ ఇంకొకరికి అప్పజెప్పి రావాలి. రెండు రూపాయలు తగ్గించాల్సిన అవసరం చాలాసార్లు రాదు. నేనైతే తగ్గించను, ఎందుకంటే అరిచినవాడికి తగ్గించి, అరవనివాడికి పూర్తి ధర వేస్తే రేపటి నుంచి అందరికీ అరవడమే నేర్పినవాళ్లమవుతాం.

రేషన్ దుకాణదారు పరిస్థితి నాకంటే కష్టం. మట్టిపనిలో వేళ్లు అరిగిపోయిన మనిషి వేలిముద్ర మిషన్ మీద పడదు. మిషన్‌ను తిట్టలేడు, డీలరును తిడతాడు. 2025 జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చినప్పుడు వేలిముద్ర మళ్లీ మళ్లీ పెట్టాల్సి వచ్చి ఎన్ని చోట్ల మాటామాటా పెరిగిందో మీరు చూసే ఉంటారు. డీలరు చేతిలో లేని తప్పుకు డీలరే జవాబు చెప్పాలి.

అన్నిటికంటే కష్టమైన మాట 'లేదు'. సరుకు లేదని చెప్పడం. 2024 మే నెలాఖరులో ఆదిలాబాద్‌లో ఒకే రకం పత్తి విత్తనం కోసం రైతులు ఎండలో బారులు తీరారు. తోపులాట జరిగి పోలీసులు రంగంలోకి దిగేదాకా వెళ్లింది. మరుసటి ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో యూరియా కోసం రాష్ట్రమంతటా అదే కథ. క్యూలో నిలబడలేక చెప్పులు, పాసు పుస్తకాలు వరుసలో పెట్టి పక్కన కూర్చున్నారు. మృగశిరలో వాన పడ్డాక విత్తనం దొరకని రైతు దగ్గర సహనం గురించి మాట్లాడకూడదు. ఆ వానకు గింజ భూమిలో పడకపోతే అతని ఏడాది లెక్కే తప్పుతుంది. 'స్టాకు లేదు' అంటే అతను వినేది 'దాచిపెట్టుకున్నం, ఎక్కువ ధరకు అమ్ముకుంటం' అని. ఎవరో ఒకరు ఎప్పుడో అట్లా చేసి ఉంటారు కదా.

ఈ విషయంలో ఎరువుల దుకాణం నడిపే మిత్రుల దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. లారీ దిగగానే ఎన్ని బస్తాలు వచ్చాయో బయట బోర్డు మీద సుద్దతో రాసేస్తారు. అమ్మేకొద్దీ తుడిచి దిద్దుతారు. వరుసలో ఎన్నో మనిషి దాకా సరిపోతుందో పొద్దునే లెక్కగట్టి, ఆ తర్వాతివాళ్లకు 'ఈరోజు మీదాకా రాదు, రేపు మొదటి చీటీ మీదే' అని చెప్పి చీటీ చేతికిస్తారు. మధ్యాహ్నం దాకా నిలబెట్టి అప్పుడు లేదనడం కంటే పొద్దున ఏడింటికి లేదని చెప్పి తిట్లు తినడం మేలు. ఇక స్టాకు అయిపోయాక వరుసలోని ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచి గోదాము తలుపు తీసి చూపిస్తారు. వాళ్లు బయటికి వచ్చి 'లేవు' అంటే జనం నమ్ముతారు. దుకాణదారు మైకు పెట్టి చెప్పినా నమ్మరు.

తోటి దుకాణదారులకు నచ్చని మాటలు ఇప్పుడు కొన్ని చెప్పాలి. మొండి గిరాకి అని మనం పేరు పెట్టినవాళ్లలో చాలామంది చట్టం తెలిసినవాళ్లు, లేదా చట్టం తెలియకుండానే సరైన మాట అంటున్నవాళ్లు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు కింద అచ్చు వేయించి, అదేదో శాసనమైనట్టు వేలుపెట్టి చూపిస్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం ఉన్న సరుకు బిల్లు మీద రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకోకపోవడం అనుచితమైన వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. చల్లటి నీళ్ల సీసా మీద ఎమ్మార్పీ కంటే రెండు రూపాయలు 'కూలింగ్ చార్జి' అని తీసుకుంటాం. ఎమ్మార్పీలోనే అన్నీ కలిసి ఉన్నాయి, ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా తప్పే. ముందే చెప్పకుండా, సరుకు పట్టుకుపోయే సంచికి డబ్బులు గుంజడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో ఒక పెద్ద కంపెనీ మీదే తీర్పు చెప్పింది.

పది రూపాయల బిళ్ల సంగతి చూడండి. మన తెలంగాణలో చాలా ఊళ్లలో ఆ బిళ్ల కనబడగానే దుకాణదారు మొహం తిప్పుకుంటాడు, 'నడవదు' అంటాడు. రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది, వేర్వేరు కాలాల్లో వచ్చిన 14 రకాల పది రూపాయల బిళ్లలూ చెల్లుతాయని. తర్వాత కూడా చెబుతూనే ఉంది. నడవదన్నది మనం, ఆ బిళ్ల చేతిలో పెట్టుకుని నిలబడ్డ అవ్వ కాదు. హాలీ సిక్కా పోయినప్పుడు ఆమె తాతకు చెప్పిన మాటే ఇప్పుడు మనం ఆమెకు చెబుతున్నాం, అదీ అబద్ధంగా. చిల్లర లేదని చాక్లెట్లు చేతిలో పెట్టేవాళ్లం బిళ్లలు వద్దనడం నాకైతే ఎప్పటికీ అర్థం కాదు. మా దుకాణంలో తీసుకుంటాం. మొదట్లో గల్లా నిండిపోయింది. తర్వాత తిరిగి చిల్లరగా ఇవ్వడం మొదలుపెట్టాం, కొందరు పుచ్చుకోవడానికి మొరాయించారు, మా దగ్గరే తిరిగి నడుస్తుందని తెలిశాక పుచ్చుకుంటున్నారు.

ఇక అబద్ధం చెప్పే గిరాకి ఉండడా అంటే ఉంటాడు. వాడి పారేసిన చార్జరు తెచ్చి 'నిన్ననే కొన్న' అనేవాడు, ఫోన్‌లో దొంగ స్క్రీన్‌షాట్ చూపించి సామాను పట్టుకుపోయేవాడు, పండగ రద్దీలో రెండు సబ్బులు చేతిసంచిలోకి జార్చేవాడు. వీళ్లు ఎక్కువ మంది కాదు. ఒక మాట చెబితే నొచ్చుకుంటారేమో, నేను చూసినంతలో వీళ్లలో కొండ పల్లెల నుంచి వచ్చేవాళ్లు బహు తక్కువ, ఇస్త్రీ చొక్కావాళ్లే ఎక్కువ. ఫోన్ చెల్లింపులకు, డబ్బు పడిందని చెప్పే సౌండ్ బాక్సు మోగితేనే సరుకు ఇస్తాం, స్క్రీన్‌షాట్ చూడం, ఎవరికైనా ఇదే పద్ధతి.

కానీ నిజాయితీపరుడి డబ్బు కూడా సిగ్నల్ లేక మధ్యలో ఆగిపోతుంది. అతని ఖాతాలోంచి పోయింది, నా సౌండ్ బాక్సు మోగలేదు. ఇద్దరిదీ నిజమే. ఇక్కడే చేయి చేసుకునేదాకా వెళ్లిన గొడవలున్నాయి. రిజర్వు బ్యాంకు 2019లో దీనికి గడువు పెట్టింది. దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపు ఆగిపోతే ఐదు రోజుల్లోపు ఆ డబ్బు తిరిగి ఖాతాలో పడాలి. పడకపోతే ఆ తర్వాత రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం. ఈ ముక్క పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసి గోడకు అతికించాం. తెలిసిన గిరాకి అయితే సామాను ఇచ్చి పంపి, పేరు పుస్తకంలో రాసుకుంటాం. తెలియనివాళ్లయితే సామాను పక్కన పెడతాం, డబ్బు వచ్చాక పట్టుకుపొమ్మంటాం. దీనికి ఎవరైనా కోపగించుకుంటే కోపగించుకోనిస్తాం.

ఉద్దెర గురించి చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం చాలదు. పత్తి అమ్మేదాకా ఉద్దెర అడగని ఇల్లు ఉండదు. అడిగేవాళ్ల మీద కోపం లేదు. ఒక్క పని చేస్తాం. పుస్తకాలు రెండు రాస్తాం, ఒకటి మా దగ్గర, ఒకటి వాళ్లింట్లో. రాసేది ఒకేసారి, ఒకే చేత్తో.

దుకాణదారులకు ఎప్పుడూ వినిపించే మాట ఇంకొకటి ఉంది, గిరాకి దేవుడని. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో గాంధీగారి బొమ్మ కింద వినియోగదారుడి గొప్పతనం గురించి ఒక పెద్ద పేరా వేలాడుతుంటుంది. అది గాంధీ మాటే అనడానికి ఆయన రచనల్లో ఆధారం దొరకలేదు, అమెరికాలో వ్యాపారస్తులు రాసుకున్నది ఆయన పేరు మీద తిరుగుతోంది. జపాన్‌లో గిరాకిని నిజంగానే దేవుడనేవారు. ఆ దేవుళ్లు సేల్స్ పిల్లలను మోకాళ్ల మీద కూర్చోబెట్టి క్షమాపణలు చెప్పించుకునేదాకా పోయారు. ఆఖరికి టోక్యో నగరం 2025 ఏప్రిల్ నుంచి గిరాకీల వేధింపుల్ని ఆపడానికి ఒక ఆర్డినెన్సు తెచ్చింది. గిరాకిని దేవుడన్న చోటే ఆ అవసరం వచ్చింది.

మా కౌంటర్ దగ్గర ఎక్కువగా ఆడపిల్లలే ఉంటారు. ఉట్నూర్‌లోనే చదువుకుని, ఇల్లు గడవడానికి వచ్చినవాళ్లు. ధర మీద, తూకం మీద, నా మీద ఎంతసేపైనా అరవనీయండి, వింటాం. పిల్ల మీద ఒక్క బూతు మాట పడితే బేరం అక్కడితో అయిపోతుంది. అప్పుడు కౌంటర్ దగ్గరికి నేను వస్తాను, ఆ పిల్ల లోపలికి పోతుంది. నేను చెప్పేది ఒకటే మాట: 'సామాను ఇక్కడ పెట్టు, బయట మాట్లాడుదాం.' లోపల ఇంకెవరూ మాట కలపకూడదని మావాళ్లకు గట్టిగా చెప్పి ఉంచాను. నలుగురు చేరితే అది వేరే పంచాయితీ అవుతుంది. వాడి కులం, మా కులం, వాడి ఊరు, మా ఊరు అన్నీ మధ్యలోకి వస్తాయి. ఈ ప్రాంతంలో అది ఎంత దూరం పోతుందో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు.

తాగి వచ్చినవాడితో వాదించం. బయట బల్ల ఉంది, కూర్చోబెడతాం, నీళ్లిస్తాం, తెలిసిన ఆటో వస్తే ఎక్కిస్తాం. మాట మీరినా, చెయ్యి ఎత్తినా పోలీసులకు ఫోన్ చేస్తాం. రెండోసారి చెయ్యి ఎత్తినవాడికి మా దుకాణంలో సరుకు లేదు, వాడు ఎంత పెద్ద గిరాకి అయినా సరే. దీనికి మా యజమానిని ఒప్పించడానికి చాలా రోజులు పట్టింది. 'నెలకు ఇంత సామాను తీసుకుపోతాడు కదా' అనేవారు. పని మానేసి వెళ్లిపోయిన పిల్లల లెక్క, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లకు పని నేర్పడానికి పట్టే రోజుల లెక్క ఎదురుగా పెట్టాక ఒప్పుకున్నారు.

ఇక, దుకాణదారులే మాట వినకపోతే గిరాకి ఫోన్ చెయ్యాల్సిన వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడతారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల దాకా విలువున్న ఫిర్యాదుకు ఫీజు లేదు. ఆ నంబరు మా గోడ మీద కాంటా పైన రాసి ఉంది. మీ దుకాణంలో కూడా రాయించండి, సున్నం ఖర్చే.